పిల్లల ఆటలో పెద్దవాళ్ళు అరటిపండే

మొన్న జూన్‌లో మా క్రెష్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రెండో రోజే అడిగింది. "పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఆడుకుంటుంటే నేనేం చెయ్యాలి మేడమ్? ఊరికే కూర్చుంటే బాగోదు కదా?"

ఆ అమ్మాయి టెన్షన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. హాల్లో మూలన సీసీ కెమెరా ఉంది. తల్లులు ఆఫీసులో కూర్చుని ఫోన్లో చూస్తుంటారు. కిందటేడు ఒకావిడ ఫోన్ చేసి, "ఆంటీ, మీ ఆయా అరగంట నుంచీ గోంగూర ఒలుస్తూ కూర్చుంది, పిల్లల్ని పట్టించుకోవట్లేదు" అంది. నిజం చెప్పాలంటే ఆ అరగంటలో ఆ ఆయా చేసినంత మంచి పని నేను ఆ వారమంతా చెయ్యలేదు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి కింది వాటాలో పదమూడేళ్ళుగా క్రెష్ నడుపుతున్నాను. ఏడాది పిల్లల దగ్గర్నుంచి ఐదేళ్ళ వాళ్ళ దాకా పదహారు మంది. నేను, ఇద్దరు ఆయాలు, ఇప్పుడీ అమ్మాయి. పిల్లలు నన్ను మామ్మ అంటారు. ఆ అమ్మాయికి నెల రోజులపాటు నోటితో చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా క్రెష్ పెట్టేవాళ్ళకీ, పిల్లల్ని చూసే పనిలో చేరేవాళ్ళకీ పనికొస్తాయి.

ముందు ఒక మాట. మనందరికీ చిన్నప్పుడు తెలిసిందే, ఆటలో అరటిపండు. తమ్ముణ్ణి చంకనేసుకుని దాగుడుమూతలకి వెళ్తే వాణ్ణి చేర్చుకోక తప్పదు, కానీ వాడు దొరికినా లెక్క లేదు, దొంగ పెట్టరు. ఆటలో ఉంటాడు, ఆట వాడి మీద నడవదు. పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్ళ స్థానం సరిగ్గా అదే. మనం కెప్టెన్లం కాదు, అంపైర్లం అంతకంటే కాదు.

ఇది నాకు ఒక్కరోజులో తెలియలేదు. మొదటి ఏడాది నేనో బొమ్మల పెళ్ళి చేశాను. కొండపల్లి పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, జాకెట్టు ముక్కతో పందిరి, లక్కపిడతల్లో పప్పన్నం. ఎవరు ఆడపెళ్ళివారో, ఎవరు మగపెళ్ళివారో, ఎవరు మేళం వాయించాలో అన్నీ నేనే చెప్పాను. భలే ఉత్సాహంగా ఉంది, నాకు. మధ్యలో గ్యాస్ బండ అబ్బాయి వస్తే లేచి వెళ్ళాను. ఐదు నిమిషాల తర్వాత వచ్చి చూస్తే ఐదుగురూ ఎక్కడివాళ్ళక్కడ చేతులు కట్టుకుని కూర్చున్నారు. "మామ్మా, ఇప్పుడేం చెయ్యాలి?" అంది ఒక పిల్ల. అది వాళ్ళ పెళ్ళి కాదు, నా పెళ్ళి. వాళ్ళు భోజనాలకి వచ్చినవాళ్ళంతే.

అప్పట్నుంచీ నాకదే పరీక్ష. నువ్వు లేచి అవతలికి వెళ్ళు. ఆట ఆగిపోతే నువ్వు ఎక్కువ దూరావన్నమాట. సాగితే సరిపడా ఉన్నావు. రోజుకి రెండుసార్లు మంచినీళ్ళకని లేచి చూడు, తెలిసిపోతుంది.

ఎక్కడ కూర్చోవాలి

నిలబడొద్దు. నిలబడితే మనం పిల్లలకి పోలీసులా కనిపిస్తాం. కుర్చీ కూడా ఎత్తే. చిన్న పీట వేసుకుని, వీపు గోడకి ఆనించి, హాలంతా కనబడేలా కూర్చోవాలి. తలుపు, బాత్రూమ్ గడప, కిటికీ మూడూ కంట్లో ఉండాలి. మాకు తూర్పు గోడ దగ్గర అలాంటి చోటు ఒకటే ఉంది. అక్కడ పీట ఎప్పుడూ వేసే ఉంటుంది.

చేతికి ఏదో ఒక పని పెట్టుకోవాలి. గోంగూర ఒలవడం, చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యడం, ఆరిన బట్టలు మడత పెట్టడం. చెయ్యి ఖాళీగా ఉంటే నోరు ఊరుకోదు, "ఏం కడుతున్నావ్ నాన్నా, చూపించు" అనేస్తాం. పని చేసుకుంటూ ఉంటే పిల్లలకి మనం అందుబాటులో ఉన్నామని తెలుస్తుంది, కానీ మనల్ని మెప్పించాలన్న ధ్యాస ఉండదు. కళ్ళు మాత్రం పిల్లల మీదే. కత్తిపీట, కత్తెర, సూది, ఫోన్ ఈ పనుల్లోకి రావు. నాలుగింట్లోకీ ఫోనే ప్రమాదం. కత్తిపీట పట్టుకుంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాం, ఫోన్ పట్టుకుంటే మనం అక్కడ ఉండం.

వయసును బట్టి

ఏడాదిన్నర లోపు పిల్లలకి ఈ దూరంగా కూర్చునే సలహా పనికిరాదు. వాళ్ళకి ఆటవస్తువు మనమే. దోబూచి ఆడాలి, వాళ్ళు "బ" అంటే మనమూ "బ" అనాలి. చెంచా కింద పడేస్తారు, తీసివ్వాలి, మళ్ళీ పడేస్తారు. విసుగొచ్చేది మనకే. పడేస్తే ఏమవుతుందో, తీసిచ్చేవాళ్ళు మళ్ళీ ఇస్తారో లేదో చూడటమే వాళ్ళ ఆట. అక్కడ కూడా మొదటి ఎత్తు వాళ్ళదే కావాలి. గిలక్కాయ మొహం మీద ఊపుతూ కూర్చుంటే, పాపం, తల తిప్పేసుకుంటారు. తల తిప్పారంటే చాలు అని అర్థం.

రెండు, రెండున్నర ఏళ్ళ వాళ్ళతోనే పెద్దవాళ్ళు ఎక్కువ పొరపాట్లు చేస్తారు. ఇద్దరు పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఇసుక వాళ్ళు పోసుకుంటుంటే మనకి వాళ్ళు కలవట్లేదనిపిస్తుంది. "ఇద్దరూ కలిసి ఆడుకోండమ్మా, షేర్ చేసుకోవాలి" అని దూరిపోతాం. మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు నర్సరీ పిల్లల్ని కూర్చుని గమనించి 1932లో ఆటలో ఆరు రకాలు రాసింది. ఏమీ చెయ్యకుండా ఉండటం, ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్ళు ఆడటం, కలగలుపుగా ఆడటం, చివరికి ఒక ఆట పెట్టుకుని అందరూ కలిసి ఆడటం. పక్కపక్కన ఇసుక పోసుకోవడం నాలుగోది. అదీ ఆటే. ఈ వయసుకి మనం చెయ్యాల్సిన సాయం, ఒకేలాంటి బొమ్మలు రెండు పెట్టడం. మా దగ్గర పసుపు లారీలు రెండు, ఎర్ర బక్కెట్లు రెండు, స్టీలు గిన్నెలు డజను. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

మూడేళ్ళు దాటాక కథలు మొదలవుతాయి. బస్సు, డాక్టరు, అమ్మోరి గుడి, కిరాణా కొట్టు. ఇక్కణ్ణుంచే అరటిపండు ఉద్యోగం.

లోపలికి ఎలా వెళ్ళాలి

పిలిస్తే వెళ్ళాలి. పిలవకపోతే, ఆట ఆగి నీరసపడితే, మనసులో ఇరవై లెక్కపెట్టి అప్పుడు వెళ్ళాలి. చాలాసార్లు పదిహేను దగ్గరే వాళ్ళు వేరే దారి వెతుక్కుంటారు.

కొత్తమ్మాయి మొదటి వారంలో జరిగింది చెప్తాను. ఇద్దరు నాలుగేళ్ళ వాళ్ళు బల్ల పక్కన టీ కొట్టు పెట్టారు. స్టీలు గ్లాసు తెచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. ఆ అమ్మాయి సంతోషంగా తీసుకుని, "వావ్, టీనా! ఈ గ్లాసు ఏ రంగు? ఎన్ని గ్లాసులున్నాయి, లెక్కపెట్టు చూద్దాం" అంది. పిల్లవాడు బుద్ధిగా "సిల్వర్. వన్, టూ, త్రీ, ఫోర్" అన్నాడు. రెండోవాడు అప్పటికే లేచి వెళ్ళిపోయాడు. వీడు కూడా గ్లాసు అక్కడే పెట్టేసి బంతి దగ్గరికి పోయాడు. కొట్టు మూతపడింది. తప్పు అమ్మాయిది కాదు. పిల్లలతో మాట్లాడటమంటే ప్రశ్నలడగడమే అని మనకి అలవాటు చేశారు.

మర్నాడు అదే కొట్టు తెరిచారు. గ్లాసు ఈసారి నాకొచ్చింది. ఊదుకుంటూ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, "పంచదార వెయ్యలేదేంటండీ?" అన్నాను. అంతే. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "పంచదార అయిపోయింది" అన్నాడు ఒకడు. "కొట్టుకెళ్ళి తేవాలి" అన్నాడు ఇంకొకడు. బండి కావాలి, పెట్రోలు కావాలి, డబ్బులు కావాలి. టీ కొట్టు కాస్తా మెయిన్ రోడ్డు అయింది. మూడో నిమిషంలో నేను "అమ్మో, గుంటూరు బస్సొచ్చేసింది, వస్తానండీ" అని లేచి నా పీట దగ్గరికొచ్చేశాను. వాళ్ళు నన్ను ఆపలేదు. పంచదార హడావిడిలో ఉన్నారు.

ఇందులో మూడు సంగతులున్నాయి. మనకిచ్చిన పాత్ర చిన్నదైనా అదే వెయ్యాలి, కస్టమర్‌ని చేస్తే కస్టమరే. ప్రశ్న కంటే ఇబ్బంది మేలు. ఒక చిన్న చిక్కు పెడితే మిగతాది వాళ్ళే అల్లుకుంటారు. ఇక బయటికి రావడం. అది కూడా ఆటలోనుంచే రావాలి. "సరే, ఇక ఆడుకోండి" అని లేచిపోతే గాలి తీసేసినట్టుంటుంది. బస్సు రావాలి, డ్యూటీ ఎక్కాలి, ఇంట్లో పాలు పొంగాలి.

కేంద్రం 2022లో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం తెచ్చిన పాఠ్యప్రణాళికలో కూడా ఈ తేడా ఉంది. పిల్లలే నడిపే స్వేచ్ఛాక్రీడ, పిల్లలు నడుపుతుంటే పెద్దవాళ్ళు సాయపడే ఆట, పెద్దవాళ్ళు నడిపే ఆట అని మూడుగా చెప్పారు. మూడూ కావాలి. చెమ్మచెక్క, కాళ్ళాగజ్జీ మనం నేర్పితేనే వస్తాయి, అవి నేను భోజనాల ముందు ఆడిస్తాను. చిక్కంతా మొదటిదాన్ని తెలియకుండానే మూడోదిగా మార్చేయడంలో ఉంది.

నేను ఇప్పటికీ తప్పు చేస్తూనే ఉంటాను. ఒకడు చెక్కముక్కలు వరసగా నిలబెట్టి "ప్రకాశం బ్యారేజీ" అన్నాడు. నాకు నోరు ఊరుకోలేదు. "బ్యారేజీకి డెబ్భై గేట్లుంటాయి నాన్నా, తెలుసా?" అన్నాను. వాడు తన ముక్కలు చూసుకున్నాడు. పదకొండున్నాయి. కాలితో ఒక్క తోపు తోసేశాడు. డెబ్భై గేట్లన్నది నిజమే, 1957 నుంచీ అక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోవు. ఇంకో రోజు చెప్పొచ్చు.

బుడమేరు ఆట

పదమూడేళ్ళలో నేను బాగా సిగ్గుపడ్డది దీని గురించే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఊళ్ళో సింగ్‌నగర్ మునిగింది. ఇళ్ళలో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. పడవల మీద, హెలికాప్టర్లతో, డ్రోన్లతో పాలు, అన్నం పొట్లాలు అందించారు. మా పిల్లల్లో ఇద్దరు ఆ వైపు వాళ్ళే. రెండు వారాల తర్వాత క్రెష్‌కి వచ్చారు. వచ్చిన మూడో రోజు అందులో నాలుగేళ్ళ పిల్ల నా నీలం చున్నీ లాక్కుని నేల మీద పరిచింది. "నీళ్ళొచ్చాయి! పైకెక్కండి, పైకెక్కండి!" అని అరిచింది. అందరూ కుర్చీలెక్కారు. ఒక బొమ్మని చున్నీలో వదిలేశారు. "అది మునిగిపోయింది" అన్నారు.

నాకు గుండె ఝల్లుమంది. "ఛ, అలాంటి ఆటలాడకూడదమ్మా, రండి, బొమ్మలకి రంగులేద్దాం" అని చున్నీ మడిచేశాను. మంచి పనే చేశాననుకున్నాను. ఆ పిల్ల రంగులెయ్యలేదు. తర్వాత రెండు రోజులు ఎవరితోనూ ఆడలేదు. మూడో రోజు బల్ల కింద దూరి, ఒక్కతే, చేతిరుమాలు పరుచుకుని గుసగుసగా "పైకెక్కండి" అంటోంది. నేను ఆపింది ఆటని కాదు, దాన్ని నా ముందు ఆడటాన్ని.

మర్నాడు చున్నీ తీసి హాల్లో పెట్టి నా పీట మీద కూర్చున్నాను. ఏమీ అనలేదు. పది నిమిషాల్లో బుడమేరు వచ్చింది. ఒకడు కుర్చీ ఎక్కి ప్లాస్టిక్ పళ్ళెం గిరగిరా తిప్పుతూ "డ్రోన్, డ్రోన్" అని చెక్కముక్కలు జారవిడుస్తున్నాడు. పులిహోర పొట్లాలట. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "మామ్మా, నువ్వు మేడ మీద ఉండు. దిగకు" అంది. నా మేడ ఒక పీట. దాని మీద నిలబడ్డాను. ఇరవై నిమిషాలు. మోకాళ్ళు పీకాయి కానీ దిగమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. చివరికి ఒక పొట్లం నాక్కూడా పడింది. తిన్నాను.

ఆ ఆట దసరా దాటే దాకా రోజూ ఆడారు. ఇలాంటి ఆట ఆపకూడదు, కానీ వదిలేసి పోకూడదు కూడా. కనిపెట్టుకుని ఉండాలి. రోజుకి రోజు ఏదో ఒకటి మారుతోందా అని చూడాలి. మొదట బొమ్మ మునిగింది, తర్వాత దాన్ని ఎవరో లాగారు, తర్వాత పడవొచ్చింది. మారుతుంటే మనకి పని లేదు. రోజూ అదే చోట ఆగిపోయి, పిల్ల మొహంలో భయం తగ్గకపోతే, ఒక చిన్న మాట అందించొచ్చు. "మెట్ల మీద నీళ్ళు కొంచెం తగ్గినట్టున్నాయే" అని. తీసుకుంటే తీసుకుంటారు. వారాలు గడిచినా నిద్రలో ఉలిక్కిపడటం, అన్నం మానేయడం ఉంటే మాత్రం తల్లిదండ్రులకి చెప్పి పిల్లల డాక్టరుకి చూపించమనాలి. అది క్రెష్‌లో తేలే విషయం కాదు.

ఇరవై లెక్కపెట్టకూడని సందర్భాలు

కొరకడం, గొంతు పట్టుకోవడం, తలకి కవరు తొడుక్కోవడం, కిటికీ ఎక్కడం. వీటికి ఆలోచన లేదు, వెంటనే వెళ్ళి ఆపాలి.

నోట్లోకి పోయేవి ముందే తీసేయాలి. 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో పూర్తిగా దూరిపోయే వస్తువు మూడేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకూడదని బొమ్మల భద్రతా ప్రమాణాలు చెప్తాయి. మన చింతపిక్కలు, గచ్చకాయలు, గవ్వలు, వేరుశనగ పలుకులు అన్నీ అందులో పడిపోతాయి. నా మోటు లెక్క, మంచి సైజు నిమ్మకాయ కంటే చిన్నదేదైనా పై అరలోకే. పెద్ద పిల్లలకి అచ్చంగాయలు ఇవ్వాలనిపిస్తే చిన్నవాళ్ళు పడుకున్నాక ఇస్తాను, లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకుంటాను.

మాటలతో కొట్టుకోవడం ఇంకోటి. "నువ్వు నల్లగా ఉన్నావ్, రాణివి కావు" అని ఒక పిల్ల అంటే ఆటలో అరటిపండులా కూర్చోను. పీట వదిలి వెళ్తాను. తిట్టను. "ఇక్కడ ఎవరైనా రాణి కావొచ్చు, ఈ హాలు రూలు అది" అని చెప్పి, అన్న పిల్ల పక్కనా విన్న పిల్ల పక్కనా కాసేపు ఉంటాను. రోజూ ఒకణ్ణే కుక్కని చేసి పాకిస్తుంటే కూడా అంతే. వాడు నవ్వుతున్నాడు కదా అని వదిలెయ్యకూడదు. "నీకేం అవ్వాలనుంది?" అని ఒకసారి అడగాలి. ఒకడు నన్ను చూసి, "నాకు కుక్కే ఇష్టం మామ్మా" అన్నాడు. సరే మరి.

బొమ్మ కోసం ఇద్దరు గుంజుకుంటుంటే చెయ్యి అందేంత దగ్గరగా వెళ్ళి కింద కూర్చుంటాను. తీర్పు చెప్పను. ముందెవరు తీసుకున్నారని అడగను, ఆ విచారణ హైకోర్టులో కూడా తేలదు. కనిపించింది చెప్తాను. "ఇద్దరికీ బంతి కావాలి. బంతి ఒకటే ఉంది." అని ఊరుకుంటాను. ఆ ఊరుకోవడమే కష్టం.

పక్కన నిలబడి చూసే పిల్లల్ని "వెళ్ళు, వెళ్ళి ఆడుకో" అని తొయ్యొద్దు. పార్టెన్ ఆరింటిలో చూడటం కూడా ఒకటి. వాడి పక్కన కూర్చుని మనమూ చూడాలి. నాలుగైదు రోజులకీ కదలకపోతే, వాడి చెయ్యి పట్టుకుని ఇద్దరం కలిసి టీ కొట్టుకి వెళ్ళి "రెండు టీలు" అనాలి. బస్సొచ్చినప్పుడు మనం ఒక్కళ్ళమే ఎక్కాలి.

టైమూ, తల్లిదండ్రులూ

ఆటకి కనీసం ముప్పావు గంట ఒకే ముక్కగా ఇవ్వాలి. మొదటి పావుగంట ఎవరేమవ్వాలో తేల్చుకోవడానికే అయిపోతుంది. మూడు, నాలుగేళ్ళ వాళ్ళు రోజు మొత్తమ్మీద 180 నిమిషాలు ఒళ్ళు కదపాలని, అందులో 60 నిమిషాలు చెమట పట్టేలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన బెజవాడ మే నెలలో అది పొద్దున తొమ్మిదిలోపే మేడ మీద కానిచ్చేయాలి. తర్వాత వసారాలో నీళ్ళ బేసిన్, చెంబులు. బేసిన్ ఉన్నంతసేపు ఒకళ్ళు అక్కడినుంచి కదలకూడదు, అయిపోయాక ఒంపేసి బోర్లించాలి.

కెమెరాలో చూసే తల్లులకి ఇప్పుడు నేనే ముందుగా చెప్తున్నాను, చేర్పించే రోజే. "మా ఆయా పీట మీద కూర్చుని కనిపిస్తుంది. ఆవిడ డ్యూటీలోనే ఉంటుంది" అని. చెప్తే సరిపోదు, చూపించాలి. ఒక నోట్‌బుక్ పెట్టాం. రోజుకి పిల్లకో పిల్లాడికో ఒక్కొక్క వాక్యం. "మీవాడు ఈ రోజు టీ కొట్టులో అప్పు ఇవ్వనన్నాడు." "మీ పాప సొంతంగా మూత పెట్టి తీసి పదిసార్లు చేసింది." గోంగూర గురించి ఫోన్ చేసినావిడ ఇప్పుడు సాయంత్రం రాగానే ముందు ఆ పుస్తకం తీస్తుంది.

సాయంత్రం ఐదున్నరకి బళ్ళు గేటు ముందు ఆగుతాయి. ఆట మధ్యలో ఉంటుంది. "పద పద" అని లాగేస్తే ఏడుపే. ఐదుంబావుకి వెళ్ళి "ఇంకో రెండు ట్రిప్పులు తిప్పి డిపోలో పెట్టెయ్యండి" అని చెప్తాను. కట్టినవి కూలగొట్టించను. ఆ బ్యారేజీ పిల్లవాడు మళ్ళీ కట్టాడు, పద్నాలుగు గేట్లు. దాని మీద తుండు కప్పి, చుట్టూ ఊడవమని ఆయాకి చెప్పాను. మర్నాడు చెప్పులు విప్పకుండానే వచ్చి తుండు ఎత్తి చూసుకున్నాడు.